ఛాతీ ఎత్తు

నేల నుంచి నూట ముప్పై సెంటీమీటర్లు.
ఏ చెట్టునైనా అక్కడే కొలవాలని
సోంపేటలో రెండ్రోజుల శిక్షణలో చెప్పారు.
టేపు చుట్టూ తిప్పి, కలిసిన చోట బొటనవేలు నొక్కి
నేను అంకె అరుస్తాను.
హేమసుందర్ గడిలో రాస్తాడు.
రోజుకి నాలుగొందల యాభై, మధ్యాహ్నం టిఫిను వాళ్లదే.

కవిటి దాటాక, సముద్రం వినబడీ కనబడని చోట
దుంపల తవిటమ్మ తోట.
పైన కొబ్బరి, దాని చంకలో పనస,
ఎవరు నాటారో తెలియని రెండు నేరేళ్లు,
అందరి నీడా తాగి కిందన నల్లగా కోకో.
పనసలాగే ఇదీ మొండేనికే పూస్తుంది,
కొమ్మ చివరిదాకా వెళ్లే ఓపిక లేనట్టు.

కొబ్బరి, ఎనభై తొమ్మిది.
కోకో, ముప్పై ఒకటి.
కోకో, ఇరవై ఎనిమిదిన్నర, చీమలున్నాయి జాగ్రత్త.

"సెట్టుకి జాకెట్టు కుడతావేటే గుంటా?"
కాయలు కోసే కత్తి పక్కన పెట్టి తవిటమ్మ నవ్వింది.
కాదమ్మా, గాలిలోని బొగ్గుని
చెట్టు ఒంట్లో దాచుకుంటుంది,
ఎంత దాచిందో లెక్క కడుతున్నాం అన్నాను.

బొగ్గు మాట వినగానే ఆమె నవ్వు ఆగింది.
"మా అయ్య మందస కొండ కింద
బొగ్గులు కాల్చీవోడు.
సెట్టుని మట్టిలో కప్పెట్టి మూడు రాత్రులు కాపలా.
దగ్గితే నల్లగా పడీది.
మూట ఇంతని అమ్మితే మాకు గింజలు.
ఇప్పుడేటి, బొగ్గు సెట్టులోనే ఉంచితే డబ్బులా?"
ఇస్తారో లేదో నాకూ తెలీదన్నాను.
"మరి రాసుకో," అంది, "రాసుకుంటే ఏటి పోతాది."

పక్క తోట ఊడ్చిన వాకిలిలా ఉంది.
ఆకు పడితే ఎత్తి కాల్చేస్తారు.
అక్కడా పూలు విరగబూశాయి,
తెల్లారేసరికి నేలమీదున్నాయి.
ఇక్కడ చీలమండ మునిగే ఆకు, కుళ్లిన కాయల డొప్పలు,
పుల్లటి వాసన.
"ఆ కుళ్లులోనే పుడతాది పువ్వుని ముట్టీ ఈగ.
నా కంటికి ఆనదు. కాయ ఆనతాది."

వెనక వరసలో, తుఫాను వచ్చిన యేట పడిపోయిన పనస.
సగం వేళ్లు గాలిలో, సగం ఇంకా ఇసకలో.
పుట్టగొడుగులు, ఒక తొండ,
నడుము దగ్గర నిలువుగా లేచిన కొత్త కొమ్మ.
పళ్లకి ఎలుగు వచ్చేది ఇటేనట,
ఈ మాను మీద చెయ్యి ఆన్చి దాటుతుందట,
గోళ్ల గీతలు చూపించింది.

పడినవాటికి ఫారంలో గడి లేదు.
పడుకున్నదానికి ఛాతీ ఎత్తు ఎక్కడ?

ఏమనిపించిందో, చెప్పులు విడిచి
దాని మొదట్లో మడమలు ఆనించి
ఆకుల మీద పక్కనే పడుకున్నాను.
నా ఛాతీ ఎక్కడికొచ్చిందో అక్కడ
మాను కింద ఇసక చేత్తో తవ్వి, టేపు దూర్చి లాగాను.
రెండువందల పద్నాలుగు!
"ఏ గడిలో రాయమంటావు?"
హేమసుందర్ పెన్ను ఎత్తి పట్టుకునే ఉన్నాడు.
తవిటమ్మ కాయ పగలగొట్టి
చెరో రెండు తెల్లటి తొనలు చేతిలో పెట్టింది.
గుజ్జు చప్పరించి గింజ మాత్రం బుట్టలో ఉమ్మాలి,
గింజ కంపెనీది.

రాత్రి ఇంట్లో టేపు తుడిచి చుడుతుంటే
ముప్పై ఒకటికీ ముప్పై రెండుకీ మధ్య
ఒక నల్లటి చుక్క.
దశాంశ బిందువనుకున్నాను.
ఎగిరిపోయింది.