గోడ మీది కాగితం

పోయిన ఎన్నికకి నా ఫోన్‌లో మూడు శాతం ఉంది.
బడి గోడకు అంటించిన కాగితం ముందు నిలబడి
అంకెలన్నీ కళ్ళతోనే చదువుకుని
ఇంటికొచ్చి కసావా ఉడకేసుకున్నాను.
నాలుగో రోజు రేడియో చెప్పిన అంకె వేరు.
మా కాగితం రాజధాని చేరేలోగా
దారిలో ఎవరో దానికి సున్నం కొట్టారట:
బుల్లి సీసా, బుల్లి కుంచె,
మా రెండు వందల పన్నెండు మీద తెల్లగా పూసి
ఆరాక
పైన కొత్త అంకె.

"నేను చూశాను" అన్నాను.
"చూపించు" అన్నారు.
కళ్ళు పీకి చూపించలేను కదా.

నా బతుకు ఫోన్లకు కరెంటు పోయడం.
మలావీ సరస్సు ఒడ్డున రేకుల గది,
పైన రెండు సోలార్ పలకలు,
లోపల పొట్లపాదులా వేలాడే తీగలు,
ఫోన్‌కి యాభై క్వాచా.
ఎవరి తెర ఎక్కడ పగిలిందో
ఎవరి తెర మీద ఎవరి మొహం ఉందో
నాకు తెలుసు, చెప్పను.

ఒక రాత్రి ఒకే ఒక్క మెసేజ్ రాశాను,
తుంబుకాలో, తప్పులతోనే:
"ఓటేసి వెళ్ళిపోకండి. సాయంత్రం మళ్ళీ రండి.
గోడను ఫోటో తీయండి."
పదకొండు మందికి పంపితే
నలుగురు తెరవలేదు. ఒకడు నవ్వే బొమ్మ పెట్టాడు.
మా అక్క కూతురు తివోంగే
చదువు రాని వాళ్ళ కోసం దాన్ని గొంతుతో చదివి పంపింది.
వెనకాల మేక అరుస్తూనే ఉంది.

ఆ మేకతో సహా అది కొండలు దాటింది.
ముజుజులో బస్సులు కడిగే కుర్రాళ్ళు,
కరోంగాలో బియ్యం కొలిచే ఆడవాళ్ళు,
ఇంకెవరో, ఇంకెవరో.
మూడు వారాలకు ముక్కూమొహం తెలియని మనిషి
నాకే పంపాడు, తప్పక వినమని.
మేకను గుర్తుపట్టాను.

చేపల వాళ్ళతోనే తంటా.
రాత్రంతా నీళ్ళ మీద దీపాలు పెట్టి ఉసిపా పడతారు,
తెల్లారాక పడుకుంటారు,
ఎన్నికైనా చావైనా మధ్యాహ్నం తర్వాతే.
ముసలి లోంగ్వే అన్నాడు:
"నా ఓటంటే సరస్సులో ఉమ్మేసినట్టు.
నీళ్ళు పెరగడం ఎప్పుడైనా చూశావా?"
నా దగ్గర జవాబు లేదు.
"ఆ రోజు నీ ఫోన్ ఊరికే నింపుతాను" అన్నాను.
ఆలోచించాడు.
"పూర్తిగా?"
"వందకి వంద."

ఆ పొద్దున మ్వేరా గాలి.
పడవలు ఆలస్యంగా వచ్చాయి. వచ్చినవాళ్ళు వచ్చినట్టే
వలలు ఇసుకలో పడేసి, తడి కాళ్ళతో,
పొలుసులంటిన చేతులతో వరసలో నిలబడ్డారు.
పెట్టె దగ్గరి అమ్మాయి ముక్కు మూసుకుంది.
లోంగ్వే వేలికి సిరా నిలవలేదు, చేప జిడ్డు.
రెండుసార్లు ముంచారు.

పొద్దు గుంకాక లెక్క పెట్టి, కాగితం అంటించారు.
డెబ్భై మూడు ఫోన్లు లేచాయి.
సరస్సు మీద ఉండాల్సిన దీపాలన్నీ
ఆ రాత్రి బడి గోడ ముందున్నాయి.
సిగ్నల్ కోసం కొండెక్కాం.
ఒక్కో ఫోటో వెళ్ళడానికి
తెర మీద చక్రం గానుగెద్దులా తిరిగింది.
ఎవరో వేరుశనగలు తెచ్చారు. ఎవరో నిద్రపోయారు.
మిగతా ఊళ్ళ గోడలు ఒక్కొక్కటే వచ్చాయి:
మట్టి గోడ, నీలం గోడ,
పిల్లలు ఏనుగును గీసిన గోడ.

మూడో రోజు రేడియో చెప్పింది.
నేను ఓటేసినావిడ ఓడిపోయింది.
గోడ మీదా ఓడింది, రాజధానిలోనూ ఓడింది,
ఒకే అంకెతో.
ఏడుద్దామనుకుని
మళ్ళీ కూడాను.
ఎక్కడా కాకిలెక్క లేదు.
ఇంకోసారి కూడాను, ఎందుకో హాయిగా ఉంది.

మర్నాడు లోంగ్వే ఫోన్ చాచాడు,
వేలి మీద మచ్చ ఇంకా నల్లగానే.
"ఇవాళ కూడా ఊరికేనా?"
"యాభై క్వాచా" అన్నాను.
గొణుక్కుంటూ జేబులు తడుముకున్నాడు.
"ఇంకెప్పుడు మళ్ళీ ఎన్నిక?"