పలక మీద మోకాలు

ఇరవై తొమ్మిది పిన్నులు.
ఒంగోలు నుంచి పొదిలి మీదుగా అంబులెన్సులో తెచ్చిన రోజు లెక్కపెట్టా,
నిన్న మళ్ళీ లెక్కపెట్టా.
"ఎవరన్నా ఎత్తుకుపోతారా ఏంది" అని గురవమ్మ నవ్వింది.
నవ్వితే కాలు లాగిందని
నన్నే తిట్టింది.

ముప్పై ఒక్క ఏడు, మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో
గొంతుక్కూచుని రాయి చీల్చిన మనిషి.
ఉలి ఎక్కడ ఆనిస్తే పొర విడుద్దో
చెవి ఒగ్గి వినేది.
పక్క షెడ్డులో చెక్క ఫ్రేములు కొట్టేవాణ్ణి నేను.
ఆ మోకాళ్ళు ఎప్పుడు అరిగాయో
నాకు వినపడలేదు.

మస్తానని ఒక కుర్రాడు, ఫిజియోథెరపీ అంట,
కంభం రోడ్డు నుంచి బండి మీద వస్తాడు, రోజు మార్చి రోజు.
"మోకాలి కింద దిండు పెట్టొద్దు తాతా. మడమ కిందే."
అర్ధరాత్రి ఆమె అడిగేది మోకాలి కింద దిండే.
"ఒక్క గంటయ్యా, ఎవరు చూడొచ్చారు."
ఆ దిండు వాటేసుకుని గోడవైపు తిరిగి పడుకుంటా,
దొంగసొత్తు దాచినట్టు.

అసలు కష్టం అది కాదు.
మడమ పట్టుకుని మెల్లిగా వెనక్కి జరపాలి, పూటకి ఇరవైసార్లు.
మొదటి రోజు చెయ్యి వెయ్యంగానే
కాలు లాక్కోబోయి, లాక్కోలేక అరిచింది.
"నా కాళ్ళు నువ్వు పట్టుకునేదేందయ్యా,
కళ్ళు పోతాయి నాకు!"
నలభై రెండేళ్ళ కాపరంలో
ఆ పాదం ఇంత బరువుంటదని నాకు తెలవదు.
పగుళ్ళలో బూడిదరంగు గీతలు,
పని మానేసి ఆరేళ్ళయినా పోలేదు.
"మస్తాన్ చెప్పాడు" అన్నా.
మారు మాట్లాడలేదు.
దేవుడికన్నా ఆ పిల్లోడి పేరే పనికొచ్చింది.

అటక మీద అంచు విరిగిన పలకొకటి ఉంటే దించా,
ఎన్ని డిగ్రీలు వంగిందో రోజూ రాయడానికి.
యాభై అయిదు. అరవై. మళ్ళీ యాభై ఎనిమిది.
ఆ రోజు వాపు.
సోడా కొట్టు ఖాసింవలి దగ్గర ఐసుగడ్డ తెచ్చి
గోనెపట్టాలో చితక్కొట్టి, తువ్వాల్లో చుట్టి పెట్టా.
నీళ్ళు కారి పరుపు తడిసింది, దానికీ తిట్టే.

"ఏందది రాసింది?"
"అరవై అయిదు."
"అరవై అయిదంటే నాకేం తెలుసు."
లారీలకు లారీలు పలకలు పంపిన చెయ్యి
ఒక్క అక్షరం దిద్దలేదు.
ఆ సంగతి నాకు పెళ్ళినాడే తెలుసు.
తెలిసి ఊరుకున్నా.

బలపం ఇమ్మంది.
పడుకున్నట్టు ఒక గీత,
దాని కొసనుంచి కిందికి వాలుతా ఇంకోటి.
"ఇది తొడ, ఇది పిక్క. ఇయ్యాల్టికి ఇంత."
అప్పట్నుంచీ నా అంకె పక్కన
రోజుకో కొడవలి.

నిన్న నీళ్ళ ట్యాంకరు హారన్ కొట్టింది, మూడు రోజులకి.
నేను వంటింట్లో మాడిన ఉప్మా గోకుతున్నా.
బిందెలు తీసుకుని ఉరికొచ్చేసరికి
గడప కాడ ద్వారబంధం పట్టుకుని ఆమె,
మంచం పక్కన వాకరు.
ఇద్దరం ఒకేసారి దానివైపు చూశాం.
నోరు తెరిచా తిట్టడానికి.
"ముందు బిందెలు పెట్టయ్యా, వరస పోద్ది."
పెట్టా. అయిదు బిందెలు.
చేతులు వణికి సగం నీళ్ళు నా లుంగీ మీదే.

రాత్రి పలక తెమ్మంది.
కొడవలి గియ్యలేదు.
నిలువుగా ఒకటే గీత, కాస్త పక్కకి ఒరిగి.
అదేందని నేను అడగలేదు,
అంకె కూడా రాయలేదు.

ఎల్లుండి పిన్నులు తీస్తారు.
ఎడమ మోకాలి సంగతి ఎండాకాలం పోయాక చూద్దామన్నాడు డాక్టరు.
అర్ధరాత్రి మళ్ళీ దిండడిగింది.
ఇవ్వలేదు.