రెండో తాలు

మొదటిసారి ఎర్రగా పోసినప్పుడు
యార్డు ఘాటు ఒంట్లోకి దిగిందనుకున్నాను.
ముప్పై ఏళ్లు తేజ బస్తాల మధ్య బతికినవాడు
ఎరుపుని చూసి దడుసుకుంటాడా?

మూత్రసంచి తీసేశారు.
దాన్ని ఆనుకున్న గ్రంథినీ, పనిలో పనిగా.

పద్నాలుగో రోజు, కొత్తపేట ఆస్పత్రిలో
డాక్టరమ్మ రెండో కాగితం తిప్పి,
"యాకోబు గారూ, ఆ గ్రంథిలోనూ ఉంది.
వేరేది. చిన్నది. వెతక్కుండానే దొరికింది."
ఉంది అందా, ఉండేది అందా?

నా పనే అది.
మచ్చకాయ కోసం బస్తా విప్పి పట్టా మీద పోస్తే
అడుగున ఇంకో తాలు చేతికి తగిలేది.
రైతు మొహం చూసేవాణ్ణి కాదు,
ధర తగ్గించి రాసేవాణ్ణి.

రాహేలు ఒక్కటే అడిగింది:
"అది ఎన్నాళ్లుగా మా పక్కలో పడుకుందమ్మా?"
డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది.

ఆటో అరండల్‌పేట వంతెన ఎక్కుతుంటే
పొట్టకి తగిలించిన సంచి వెచ్చగా నిండుతోంది.
మొహమైనా చూడకముందే పోయిన పగవాడు.
నవ్వాలా? ఎవరికి చెప్పి నవ్వాలి?

రాహేలు దాని మీద కొంగు కప్పి
లోపల నా చెయ్యి పట్టుకుంది,
వెనకటి బేరగాళ్లు తువ్వాలు కింద పట్టుకున్నట్టు.
ఆ వేళ్లు ఎంత చెప్పాయో
ఇంకా తెగలేదు.