నాలుగు వేళ్ల కింద

ఫ్యాన్లు తిరుగుతున్నాయి.
మూడూ.
తెర మాత్రం ఉలకదు, పలకదు.
'సిగ్నల్ లేదు' అని ఒక్కసారి రాసి
తనూ నిద్రపోయింది.

బయట ఉలాన్‌బాతర్ మైనస్ ముప్పై రెండులో ఉంది.
ఇంట్లో గాలి ఎంత పొడిగా ఉందంటే
నమూన్ తల దువ్వుకుంటే చిటపటలు.
"మేజోళ్లు విప్పు" అన్నాను. ఉన్నివి.
"ముందు రేడియేటర్ ముట్టుకో, తర్వాతే బోర్డు."
పన్నెండేళ్లు ట్రాలీబస్సుల కింద పడుకున్నదాన్ని,
కరెంటు మర్యాద నాకు తెలుసు.
ఈ పెట్టె మర్యాదే తెలియదు.

ఎనిమిది నెలలు కొన్నాం దీన్ని, ముక్కముక్కగా.
కేసు మూతపడ్డ బ్యాంకుది.
పవర్ సప్లై కొత్తది, దాని దగ్గర బేరాలొద్దన్నాడు వాళ్ల నాన్న.
గ్రాఫిక్స్ కార్డు మాత్రం
ఏదో గోడౌన్‌లో రెండేళ్లు, పగలనక రాత్రనక,
కంటికి కనపడని నాణేలు తవ్వి తవ్వి వచ్చింది.
"నాన్నలాగే గని మనిషి" అంటూ
కుంచెతో దాని దుమ్ము దులిపింది నమూన్.

ఆయన గోబీలో, పద్నాలుగు రోజుల డ్యూటీ.
ఫోన్‌లో లారీల రొద మధ్య అడిగాడు:
"కేబుల్ సరిగ్గా పెట్టారా?"
ఇద్దరం ఒకేసారి నవ్వాం.
మరీ అంత తెలియనివాళ్లమా.

బోర్డు మూల పసుపు దీపం. అంటే మెమరీ.
రెండు పలకలూ పీకాం,
బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో తోమాం,
ఒక్కదాన్నే రెండో గాడిలో
టక్ మనేదాకా నొక్కాం.
విరిగిందేమో అనిపించేంత బలం పెట్టాలని
ఎవరూ ముందు చెప్పరు.
బిళ్లంత బ్యాటరీ తీసి
ఒక గిన్నెడు ఉప్పు టీ తాగేంతసేపు ఆగి
మళ్లీ పెట్టాం.
పసుపు ఆరింది.
తెర? బొగ్గే.

పదకొండున్నర. కింది వాటాలో త్సెండ్ ముసలమ్మ
గొట్టం మీద గరిటెతో కొట్టింది.
స్క్రూడ్రైవర్ జారిపడ్డ ప్రతిసారీ కొడుతుంది.

ఇక సర్దేద్దామన్నాను.
నమూన్ ఊరికే, ఉక్రోషంతో, క్యాప్స్ లాక్ నొక్కింది.
చిన్న పచ్చ చుక్క.
మళ్లీ నొక్కింది. ఆరింది.
మళ్లీ.
"అమ్మా, ఇది మేలుకునే ఉంది."

అప్పుడు వంగాను వెనక్కి,
టార్చి పళ్ల మధ్య పెట్టుకుని, బస్సు కిందకి వంగినట్టే.
కేబుల్ గట్టిగానే ఉంది.
బోర్డు కన్నంలో.
బొమ్మ వేయడం రాని ప్రాసెసర్ ముందు
పలకా బలపం పెట్టి కూర్చున్నాం సాయంత్రమంతా.
గని నుంచి వచ్చినది నాలుగు వేళ్ల కింద
నోరు తెరుచుకుని ఎదురుచూస్తోంది.
చంకలో పిల్ల, ఊరంతా దండోరా.

మార్చాను.

నీలం. దాని మీద తెల్లటి అక్షరాలు.
మూలన తేదీ: జనవరి ఒకటి, ఎప్పటిదో,
నమూన్‌కి పాలపళ్లు ఇంకా ఊడని ఏడాది.
బ్యాటరీ తీశాం కదా, మధ్యలోవన్నీ మరిచిపోయింది.
"సరిచెయ్యనా?"
"ఉండు" అని ఫోటో తీసి
నాన్నకు పంపింది.

గోబీ నుంచి వెంటనే జవాబు,
ఒకే ఒక్క మాట:
"కేబులేనా?"

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.
నమూన్ ఫోన్ నా చేతికిచ్చింది.
"మెమరీ" అని కొట్టాను.