అట్టముక్క

షువైఖ్‌ల పొద్దుగాల్నే ఇనుము కాలుతది.
బండి కింద లబన్ డబ్బా అట్ట పరిచిన.
"బెల్టు అరుస్తాంది బ్బా, మార్చెయ్" అన్నడు
కడప మస్తాన్‌వలి.

బెల్టయితే కీచుమంటది.
ఇది మూలుగు,
స్టీరింగ్ కొసదాక తిప్పినప్పుడల్లా
దూపైన పంపు మూలుగు.
మూత తీస్తే డబ్బా నిండ నురగ.
యాడనో గాలి మింగుతాంది.
ర్యాక్ బూటు పిండితే
డికాషన్ రంగు తడి.

ఫోన్‌ల కఫీల్: "ఆయిల్ పోసి పంపు, చాలు."
ఆ బండ్లె రోజూ నలుగురు పిల్లలు బడికి పోతరు.

పోసిన.
అట్ట మీద మరక చుట్టూ పెన్నుతోటి గీత గీసి
మస్తాన్ చేతికిచ్చిన:
"రాత్రి బండి కింద పెట్టు.
గీత దాటితే ఫోటో తీసి మీ మేడమ్‌కు చూపియ్."

తలూపిండు. రివర్స్ చేసిండు.
నాలుగో రింగ్ రోడ్డు మలుపుదాక
వినవడుతనే ఉన్నది.