తృప్తి శాతం

హల్ నగరంలో జూన్ వచ్చినా
హంబర్ మీది పొగమంచుకి సెలవుల్లేవు.
రెండో అంతస్తులో, హీటరు పక్కన,
పిల్లల తృప్తిని వరసలో నిలబెట్టడం నా పని.

అకౌంటింగు తొంభై నాలుగు.
సముద్ర జీవశాస్త్రం ఎనభై ఎనిమిది.
తత్వశాస్త్రం డెబ్భై. ప్రశ్నే సరిగా లేదని
పదకొండుమంది పేచీ పెట్టారు.
నర్సింగు అరవై ఒకటి. అట్టడుగు.

తృప్తి.
మా ఇంట్లో అది విస్తరి దగ్గరి మాట.
"కడుపు నిండిందా" అని కాదు,
"తృప్తిగా తిన్నావా" అనేది మా మేనత్త భ్రమరాంబ.
రెండింటికీ మధ్య గ్లాసుడు మజ్జిగంత తేడా.
ఒకటి నుంచి ఐదు దాకా వేళ్ళు చూపించమంటే
ఎంగిలి చేత్తో ఏం చూపించేదాన్ని?

అకౌంటింగు వాళ్ళు రాసింది చదివాను:
కార్లు పెట్టుకోడానికి చోటుంది,
స్లైడ్లు ముందురోజే వస్తాయి.
ఇంకేం కావాలి.

నర్సింగులో ఒక పిల్ల, పేరుండదు, నంబరే,
రెండు మీద టిక్కు పెట్టి కింద రాసింది:
"పదకొండో వార్డులో తెల్లారుజామున ఆయన పోయాడు.
నా చెయ్యి పట్టుకునే పోయాడు.
వేళ్ళెలా విడిపించుకోవాలో ఏ పాఠంలోనూ లేదు.
ఆ రాత్రి మొయిరా టీచరు ఫోను చేసి
నలభై నిమిషాలు ఏమీ మాట్లాడకుండా ఉంది.
బస్సు పాసు డబ్బులు ఇంకా రాలేదు.
అయినా ఈ కోర్సు వదలను."

దీన్ని ఏ గడిలో వెయ్యను?
మా ఆఫీసరు క్లైవ్ తెరలోకి తొంగిచూసి
"రవాణా" అన్నాడు.
మంచివాడే. నాలుగింటికి పట్టిక వెళ్ళిపోవాలి.
రవాణాలో వేశాను.

ప్రాచీన నార్స్ భాష మిగిలింది. ముగ్గురే విద్యార్థులు.
పదిమందికి తగ్గితే లెక్కలోకి రారని నియమం.
వాళ్ళ గడిలో చిన్న గీత గీశాను.
ముగ్గురూ ఐదుకి ఐదు పెట్టారని
నాకొక్కదానికే తెలుసు.
ఎవరికీ చెప్పలేదు, ఇదిగో మీకు తప్ప.

ఐదున్నర బస్సులో నా పక్క సీట్లో
నీలం యూనిఫారం, అద్దానికి తల ఆనించి నిద్ర,
నోరు కొంచెం తెరుచుకుని.
అరవై ఒకటిలో మనిషో,
మిగిలిన ముప్ఫై తొమ్మిదిలో మనిషో.
ఏ స్టాపులో దిగాలో. లేపాలా.

బస్సు మలుపు తిరిగింది.
ఆమె ఒళ్ళోంచి జారబోయిన టిఫిన్ డబ్బా
పట్టుకుని కూర్చున్నాను.
ఖాళీదో కాదో
ఊపి చూడలేదు.