పాగాతో కలిపి

బండి పుదుపేట సందులోకి దూరలేదు.
ఎదురు షాపువాడు వేలాడదీసిన సైలెన్సర్లన్నీ
దింపుకుంటే తప్ప దాని ముక్కు ఇటు తిరగలేదు.
అంత పొడుగు బెంట్లీ.
వెనక నలుగురు తోస్తుంటే
పీటల మీదికి నడిచే పెళ్లికొడుకులా వచ్చింది,
ఎవర్నీ చూడకుండా.

ఒంటి మీద రంగు మూడు పొరలు.
పైన నలుపు, దాని కింద పసుపు,
అన్నిటికీ అడుగున వంకాయ తొక్క రంగు.
ఇంజనూ చట్రమూ ఓడలో వచ్చాయట, ఒళ్లు లేకుండా.
ఆ ఒళ్లు ఎవరు తొడిగారో తేలాలి.
లండన్‌లో అయితే ఒక ధర,
ఈ ఊళ్లోనే అయితే ఇంకొకటి.
సారు నోటితో చెప్పింది అంతే,
మిగతాది ఆయన మొహం చెప్పింది.

నా పని సీట్లు, తలుపుల లోపలి తోలు.
పాతది ఊడదీయడం, కొత్తది కుట్టడం.
ఎడమ తలుపు అట్ట విప్పేసరికి
గుప్పున టేకు వాసన.
తొంభై ఏళ్లు చీకట్లో కూర్చున్నా
అడవిని మర్చిపోని కర్ర.

దాని మీద పెన్సిలు గీతలు.

షెడ్డులో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే.
అక్షరాలు వచ్చాయిగానీ అంకెలు రాలేదు.
మా అత్త గోడకి కొట్టిన పంచాంగం తెచ్చి
ఒక్కొక్కటే పక్కన పెట్టి పోల్చుకున్నాను.
"కప్పు ఎత్తు ౪౧.
పాగాతో కలిపి ౪౬."

నవ్వొచ్చింది.
అందుకా ఈ బండి నెత్తి ఇంత లేచింది!
ఏ జమీందారో, పేరు లేదు,
తలపాగా తియ్యనన్నాడు,
బెంట్లీనే తల ఎత్తమన్నాడు.
ఐదంగుళాల బింకానికి
కర్ర వంచి, రేకు సాగగొట్టి
ఒక వడ్రంగి ఇచ్చిన జవాబు ఇది.
అతుకు ఎక్కడుందో
వేలు పెట్టి తడిమినా దొరకదు.

కింద, ఇంకా చిన్న అక్షరాల్లో, వేరే సంగతి:
"పాపమ్మకి ఇడ్లీ బాకీ రెండణాలు."

కొట్టేసి లేదు.

స్ప్రింగుల షాపు ఖాదర్ తాతని అడిగాను,
కూవం ఒడ్డున కాలు చాపుకు కూర్చునే ముసలాళ్లని అడిగాను.
నలుగురు పాపమ్మలు తేలారు.
ఒకావిడ పూలు, ఒకావిడ బొగ్గులు,
ఇద్దరేం చేశారో ఎవరికీ గుర్తులేదు.
ఇడ్లీలు ఎవరూ అమ్మలేదు.

శనివారం నిపుణుడు వచ్చాడు, తెల్ల గ్లవుజులు తొడుక్కుని.
టార్చి వేసి, "ఇదేమిటి?" అన్నాడు.
"కొలతలు" అన్నాను.
అబద్ధం కాదు. సగం నిజం.
సారు ఆ కర్ర వంక కాసేపు చూసి
సాండ్‌పేపరు కొట్టించెయ్యమన్నాడు.
ఎంత గీకినా టేకు టేకే కదా సార్ అని
కదిరవన్ గొణిగాడు, ఎవరికీ వినబడనంత తమిళంలో.

ఆదివారం ప్యారీస్ పేవ్‌మెంటు మీద
పాత నాణేలవాడి దగ్గర రెండణాల బిళ్ల కొన్నాను.
నాలుగు పలకలది, మూలలు నున్నగా.
నూట నలభై చెప్పి నూటపదికి ఇచ్చాడు.
అసలు ఒక్కటే తీర్చగలను.
వడ్డీ కట్టాలంటే ఆ బండే అమ్మాలి.

సాండ్‌పేపరు ముట్టుకోలేదు.
కర్ర గాడిలో బిళ్ల పెట్టి, అట్ట బిగించి,
పైన వంకాయ రంగు తోలు కుట్టాను.
రెండు సూదులు విరిగాయి.

నిన్న ఫోను.
"ఎడమ తలుపు వేసినప్పుడల్లా
లోపల ఎవరో తట్టినట్టుంది" అన్నాడు సారు.
పాత బండి కదండీ, అన్నాను.
అది బాకీ అడగడానికి వచ్చిన చప్పుడో
తీరిపోయిన చప్పుడో
ఫోన్లో తేలే సంగతి కాదు.

ఓసారి తీసుకురండి చూస్తాను, అన్నాను.
సైలెన్సర్లవాడికి ముందే చెప్పి ఉంచాలి.